‘ఎపిక్’ అంటే మహాకావ్యమా, ఇతిహాసమా?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. మా అమ్మాయికి ఒడియా బడిలో ఎపిక్ అంటే ‘మహాకావ్య’ అని చెప్పారట. ఇంట్లో నేను ఇతిహాసం అన్నాను. ఏది సరైనదో దయచేసి వివరించగలరా?

జవాబు: అమ్మా, మీరన్నదీ తప్పు కాదు, బడిలో చెప్పినదీ తప్పు కాదు. అయితే ఆ రెండు మాటలకూ అర్థం ఒకటి కాదు. గ్రీకులో ‘ఎపోస్’ అంటే మాట, పలికినది, పాడి వినిపించే కథ. మన ‘ఇతిహాసం’ కూడా ఇతి, హ, ఆస అనే మూడు ముక్కల కూడిక. ‘ఇలాగే జరిగింది సుమా’ అని ఎదుట కూర్చున్నవారికి చెప్పే గొంతు అందులో వినిపిస్తుంది.

మహాకావ్యం సంగతి వేరు. సంస్కృత ఆలంకారికుడు దండి కావ్యాదర్శంలో దానిని ‘సర్గబంధం’, అంటే సర్గలుగా కూర్చిన రచన, అని నిర్వచించి, నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం వంటి వర్ణనలను లక్షణాలుగా చెప్పి, దాని కథ ఇతిహాసం నుంచి పుట్టినదైనా కావచ్చునన్నాడు. అంటే ఆయనకు ఇతిహాసం వేరు, దానిలోంచి కవి తీసుకుని మలచిన మహాకావ్యం వేరు. భారతకథలోంచి వచ్చిన కిరాతార్జునీయం నిస్సందేహంగా మహాకావ్యమే గాని, దానిని ఎపిక్ అనడానికి నాకు మనసొప్పదు.

ఈ సందేహం మనకు కొత్తదేమీ కాదు. భారతాన్ని ధర్మతత్త్వజ్ఞులు ధర్మశాస్త్రమని, ‘కవివృషభులు మహాకావ్యమనియు’, ఐతిహాసికులు ఇతిహాసమని, పౌరాణికులు పురాణసముచ్చయమని కొనియాడుతున్నారని 11వ శతాబ్దంలోనే నన్నయ ఆదిపర్వం మొదట్లోని సీసపద్యంలో చెప్పాడు. ఆ పద్యాన్ని అమ్మాయి చేత పైకి చదివించండి. నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

సరిహద్దులో పెరిగే పిల్లకు మరొకటి కూడా చెప్పాలి. 15వ శతాబ్దంలో సారళాదాసు ఒడియా భారతాన్ని దండివృత్తమనే ఛందస్సులో రచించాడు; పాదాల నిడివి హెచ్చుతగ్గులుగా ఉండి చివర ప్రాస కలిసే ఆ నడక గొంతెత్తి చదివినప్పుడే పట్టుబడుతుంది. మనకు నన్నయ ఆదికవి, వారికి సారళాదాసు ఆదికవి. ఇద్దరూ భారతంతోనే ఆ పేరు పొందారు.

కాబట్టి పరీక్షలో మహాకావ్యమనే రాయనివ్వండి. రామాయణ భారతాలను గురించి ఇంట్లో మాట్లాడేటప్పుడు మాత్రం ఇతిహాసమనండి. బొబ్బిలి కథ వంటి వాటికి వీరగాథ అన్న మాట ఉండనే ఉంది.