పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకున్నాకే ఐ-130 వేయాలా?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. గత ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో మా పెళ్లి జరిగింది. మావారు అమెరికా పౌరులు. ఒహాయోలో ఉద్యోగం చేస్తూ, రెండు వారాల సెలవు మీద వచ్చి, పదహారు రోజుల పండుగ దాకా ఉండకుండానే తిరిగి వెళ్లారు. నా పాస్‌పోర్టు 2031 వరకు చెల్లుతుంది. పదో తరగతి మెమో మొదలుకొని బీటెక్ పట్టా దాకా అన్నీ పుట్టింటి ఇంటిపేరుతోనే ఉన్నాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకున్న తర్వాతే, భార్యగా నన్ను అక్కడికి తీసుకెళ్లడానికి మావారు వేయాల్సిన ఐ-130 పిటిషన్ వేయాలనీ, లేకపోతే ముంబైలోని అమెరికా కాన్సులేట్ ఇంటర్వ్యూలో ఇది నిజమైన పెళ్లేనా అని అనుమానిస్తారనీ మా మామగారు పట్టుబడుతున్నారు. మార్చుకోవడానికి నాకు పెద్ద అభ్యంతరం లేదు కానీ, మార్చుకోకపోతే నిజంగా ఇబ్బంది వస్తుందా అన్నది తెలుసుకోవాలని ఉంది. మిగతా కాగితాల పనంతా మావారే చూసుకుంటానన్నారు, చెప్పిన చోట సంతకం పెడితే చాలన్నారు, కాబట్టి నా సందేహం ఇంటిపేరు వరకే.

విశ్రాంత సబ్ రిజిస్ట్రార్:
అమ్మా, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వేల పెళ్లిళ్లు నమోదు చేశాను కాబట్టి చెబుతున్నాను. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద మేము నమోదు చేసేది పెళ్లి జరిగిందన్న సంగతిని మాత్రమే. దానితో పెళ్లికూతురి ఇంటిపేరు దానంతట అదే మారిపోదు. భర్త పేరును పాస్‌పోర్టులో చేర్పించుకోవడం ఒకటి, ఇంటిపేరు మార్చుకోవడం మరొకటి. జనం ఈ రెంటినీ కలిపేసి కంగారు పడుతుంటారు. నా అనుభవంలో అసలు చిక్కు ఇంటిపేరుతో కన్నా అక్షరాలతో వస్తుంది. శుభలేఖలో వెంకట నాగలక్ష్మి, మెమోలో వి.ఎన్. లక్ష్మి, ఆధార్‌లో ఒట్టి నాగలక్ష్మి అని ఉన్న అమ్మాయిలు ఎందరో మా బల్ల ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ముందు ఆ మూడూ సరిచూసుకోండి.

పల్నాటి పెద్దాయన:
సబ్ రిజిస్ట్రార్ గారి చట్టం మన దేశంలో చెల్లుతుంది, కిటికీ అవతల కూర్చున్న అమెరికా అధికారికి దానితో పనిలేదు. మా ఇద్దరబ్బాయిలూ అక్కడి పౌరులే. పెద్దకోడలు పెళ్లైన నెలకే ఇంటిపేరు మార్పించుకుంది, ముంబైలో ఆమె ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో ముగిసింది. చిన్నకోడలు మార్చుకోనంది. ఆమె చేతిలో 221(జీ) కాగితం పెట్టి నాలుగు నెలలు ఆపారు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? మామగారి మాట వినమ్మా, పెద్దవాళ్లు ఊరికే చెప్పరు.

ఫ్రిస్కో నివాసి:
పెద్దాయన గారూ, మీ చిన్నకోడలి 221(జీ) కాగితం మీద టిక్కు దేని ఎదురుగా పెట్టారో చెప్పగలరా? ఇవ్వాల్సిన పత్రం ఏదో లోపించిందని చెప్పే కాగితం అది, ఇంటిపేరు మార్చుకోలేదన్న గడి అందులో ఉండదు. ఐ-130 ఫారంలో ఇప్పటి పేరుతో పాటు ఇంతకుముందు వాడిన పేర్లన్నీ రాయడానికి చోటు ఉంటుంది, వీసా మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే వస్తుంది, భార్య అని నిరూపించేది వివాహ ధ్రువపత్రం. భర్త ఇంటిపేరు కావాలనుకుంటే, గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లు భర్తతో కలిసి కాపురం చేశాక పౌరసత్వానికి వేసే ఎన్-400 ఫారంలోనే పేరు మార్పు కోరుకోవచ్చు.

నిజంగా భయపడాల్సింది ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుకు. మా ఆవిడది కడప. ఆమె పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండేది. వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, సొంత పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’, అంటే సొంత పేరు తెలియదు అని వచ్చింది. డ్రైవింగ్ లైసెన్సులోనూ, ఇన్సూరెన్సు కార్డులోనూ అదే దిగింది. ఏడాది పాటు మందుల దుకాణంలో ఆవిణ్ని ‘ఫ్నూ’ అని పిలిచారు.

చింతచిగురు:
‘ఫ్నూ’ అక్కకు నా నమస్కారాలు చెప్పండి.

బాటసారి:
ఇంత తతంగం దేనికండీ? విజిటర్ వీసా ఉంటే ఎక్కి వెళ్లిపోయి, అక్కడే గ్రీన్ కార్డుకు ఐ-485 దరఖాస్తు వేసుకోవచ్చు కదా?

ఫ్రిస్కో నివాసి:
బాటసారి గారూ, రెండు వారాలు చూసి వెళ్తానని విమానాశ్రయంలో అధికారికి చెప్పి, మనసులో కాపురం పెట్టే ఉద్దేశంతో దిగితే దాన్ని అబద్ధమాడి ప్రవేశించడంగా తీసుకునే ప్రమాదం ఉంది. ఆ ముద్ర పడితే జీవితాంతం వెంటాడుతుంది. దయచేసి కొత్త పెళ్లికూతురికి ఈ సలహా ఇవ్వకండి.

పల్నాటి పెద్దాయన:
టిక్కు దేనికి ఎదురుగా ఉంటే ఏముంది? అది మా అబ్బాయి టాక్సు కాగితాలకు ఎదురుగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇంటిపేరు ఒక్కటై ఉంటే ఆ అధికారి అంత లోతుగా వెతికేవాడు కాదన్నది నా అభిప్రాయం. ఇంటికి వచ్చిన పిల్ల ఇంటిపేరు పెట్టుకోవడానికి ఎందుకింత వాదన?

తులసికోట:
రెండు రోజులుగా చదువుతున్నాను. ఇంతమంది ఇంటిపేరు చుట్టూ ప్రదక్షిణలు చేశారు కానీ, ఆ అమ్మాయి రాసిన చివరి వాక్యాన్ని ఒక్కరూ పట్టించుకోలేదు. ‘చెప్పిన చోట సంతకం పెడితే చాలన్నారు’ అని ఆమె రాసింది. నేనూ అలాగే పెట్టాను.

నేను 2016లో వెళ్లాను. పిటిషన్ ఆమోదం పొందాక నేషనల్ వీసా సెంటర్ రెండు సంఖ్యలు పంపుతుంది, ఒకటి కేసు నంబరు, రెండోది ఇన్వాయిస్ నంబరు. ఆ రెండూ ఉంటే భార్య కూడా తన కేసు ఎక్కడుందో తానే తెరిచి చూసుకోవచ్చు. అవి నాకూ పంపించుకోవచ్చని నాకు తెలియనే తెలియదు, అన్నీ ఆయన ఈమెయిల్‌కే వెళ్లేవి. పెళ్లై రెండేళ్లు నిండకుండా అడుగుపెట్టాను కాబట్టి నాకు వచ్చింది రెండేళ్ల షరతు గ్రీన్ కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల లోపు భార్యాభర్తలిద్దరూ కలిసి, షరతులు తీసేయమని కోరే ఐ-751 వేయాలి. ఆ కార్డు ఆయన బల్ల సొరుగులో ఉండేది, తాళం చెవి ఆయన దగ్గర ఉండేది.

రెండో ఏడాదిలో మేము విడిపోయాం. ఎందుకన్నది ఇక్కడ అనవసరం. విడాకులైనా ఒంటరిగా ఐ-751 వేసుకోవచ్చు, కాకపోతే పెళ్లి నిజాయితీగానే జరిగిందని, కలిసి కాపురం చేశామని నేనే నిరూపించుకోవాలి. బ్యాంకు ఖాతా ఆయన పేరు మీద, అద్దె ఒప్పందం ఆయన పేరు మీద, కరెంటు బిల్లు ఆయన పేరు మీద ఉన్నాయి. నా పేరుతో, ఆ ఇంటి చిరునామాతో నా దగ్గర మిగిలినవి రెండే: ఊరి గ్రంథాలయం సభ్యత్వ పత్రం, పంటి డాక్టరు ఇద్దరి పేర్లూ రాసి పంపిన ఒక బిల్లు. పెళ్లి ఆల్బం అమ్మ కొరియర్ చేసింది. ఇంటిపేరు అప్పటికే మార్చుకున్నాను. ఆ మార్పు నాకు ఎందుకూ పనికిరాలేదు సరికదా, డిగ్రీ పట్టా ఒక పేరుతో, కార్డు ఒక పేరుతో ఉండి ఉద్యోగం దగ్గర మరో చిక్కు తెచ్చింది.

ఫ్రిస్కో నివాసి:
తులసికోట గారూ, మీ కష్టానికి విచారిస్తున్నాను, కానీ మీరు ఒక కొత్త పెళ్లికూతురి ముందు ఆమె భర్తను దొంగను చేసి నిలబెట్టారు. పని ఒత్తిడిలో కూడా కాగితాలన్నీ తానే చూసుకుంటానన్న మనిషి మంచివాడు కూడా అయి ఉండవచ్చు కదా. విడిపోవడానికి సాక్ష్యాలు ఇప్పటినుంచే దాచుకోమని చెప్పడం కాపురం మొదలుపెట్టే తీరేనా?

ఇంకో వైపు కూడా వినండి. ఐ-864 అనే ఆర్థిక హామీ పత్రం మీద సంతకం పెట్టేది పౌరుడు. వచ్చిన మనిషి ఆదాయం అక్కడి పేదరిక రేఖకు 125 శాతం దిగువకు పోకుండా చూస్తానని ప్రభుత్వానికి అతనిచ్చే మాట అది. ఆమె పౌరురాలయ్యేదాకానో, సామాజిక భద్రతా లెక్కల్లో 40 త్రైమాసికాల పని నమోదయ్యేదాకానో, దేశం విడిచి శాశ్వతంగా వెళ్లేదాకానో ఆ మాట బతికే ఉంటుంది. విడాకులతో అది పోదు. మా తమ్ముడి కాపురం పద్నాలుగు నెలలు నిలిచింది. ఆ తర్వాత ఆమె ఆ కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్లింది, వాడు ఇప్పటికీ నెలనెలా కడుతున్నాడు. సొరుగు తాళం గురించి చెప్పారు కదా, వాడి మెడకు పడిన తాళం గురించి ఎవరు రాస్తారు?

తులసికోట:
మీ తమ్ముడు సంతకం పెట్టే ముందు ఆ ఫారం చదివారా?

ఫ్రిస్కో నివాసి:
లేదు. వకీలు వేలు పెట్టి చూపించిన చోటల్లా పెట్టాడు.

చింతచిగురు:
ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అందరం మంచినీళ్లు తాగుదాం.

పల్నాటి పెద్దాయన:
నేను తాగను. మొదటినుంచీ నేను చెప్పదలచుకున్న మాట ఇప్పుడు చెబుతాను. మా చిన్నకోడలు ఇంటిపేరు మార్చుకోలేదన్నాను కదా, షరతులు తీసేసి పదేళ్ల కార్డు చేతికొచ్చిన ఆరో నెలలో ఆమె మా అబ్బాయిని వదిలి వేరే రాష్ట్రం వెళ్లిపోయింది. ఆ రోజు మా ఆవిడ అన్నమాట ఒక్కటే: ‘మొదటే మన పేరు పెట్టుకోనన్నప్పుడు అర్థం చేసుకోవలసింది.’ తప్పో ఒప్పో, ఆ మాట నా మనసులో కూర్చుంది. ఏ కోడలు వస్తున్నా ముందు పేరు మార్చుకోమని చెప్పేది అందుకే. వీసా కోసం కాదని నాకూ తెలుసు.

తులసికోట:
పెద్దాయన గారూ, ఈ మాట ముందే చెప్పి ఉంటే మీతో ఇంతమంది వాదించేవారు కాదు. అయితే నేను పేరు మార్చుకుని కూడా నా కాపురం నిలబెట్టుకోలేకపోయాను. ఫ్రిస్కో గారికీ ఒక మాట. సాక్ష్యాలు దాచుకోమని నేను అనలేదు. ఇద్దరి పేరు మీద ఒక ఖాతా, అద్దె ఒప్పందంలో ఇద్దరి పేర్లు, ఇద్దరూ కలిసి వేసే టాక్సు రిటర్ను సుఖంగా ఉన్న దంపతులు కూడా ఐ-751తో జతచేయవలసినవే. అవి ముందునుంచీ ఉంటే ఎవరికీ ఎవరినీ అనుమానించే పని ఉండదు.

ఫ్రిస్కో నివాసి:
అది నేను ఒప్పుకుంటాను. మీరు చెప్పిన స్వరం మీదే నా అభ్యంతరం. దాన్ని మాత్రం వెనక్కి తీసుకోను.

గోదారి గట్టు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మావారితో ఇదంతా మాట్లాడాను. మొదట కాస్త నొచ్చుకున్నారు. తర్వాత వీడియోలో ఇద్దరం కలిసి ఐ-130 తెరిచాం; ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద అయితే 675 అని 2024 ఏప్రిల్‌లో పెంచిన రుసుము చూసి ఆన్‌లైన్ మేలనుకున్నాం. అప్పటికే ఆయన సగం నింపి పెట్టారు. నా పుట్టినరోజు మే నెల 8వ తేదీ. మా అన్నయ్య వాట్సాప్‌లో మన పద్ధతిలో 08-05 అని పంపితే, ఆయన అమెరికా పద్ధతిలో చదివి ఆగస్టు 5 అని కొట్టారు. నేను చూడకపోతే అలాగే వెళ్లిపోయేది. ఇకపై వచ్చే నంబర్లన్నీ ఇద్దరి ఈమెయిళ్లకూ వచ్చేలా పెడతామన్నారు, ఫారం ఐ-864 నేనూ చదువుతానన్నాను, ‘ముందు నన్ను చదవనీ’ అన్నారు. పాస్‌పోర్టులో పేరు అలాగే ఉంచుతున్నాం. మామగారికి ఆ సంగతి మావారే చెబుతారు.

సబ్ రిజిస్ట్రార్ గారూ, మీరు చెప్పినట్టే అన్నీ పరిచి చూశాను. నా జనన ధ్రువపత్రంలో మా అమ్మ పేరు ఆవిడ పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, నా పాస్‌పోర్టులో నాన్నగారి ఇంటిపేరుతో ఉంది. దీన్ని మున్సిపాలిటీలో సరిచేయించుకోవాలా?

విశ్రాంత సబ్ రిజిస్ట్రార్:
వద్దమ్మా. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద సవరించేది పొరపాటున పడిన వివరాలను. మీ అమ్మగారి పేరు పొరపాటు కాదు, అప్పుడు ఆవిడ వాడుకున్న పేరే అది. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని అమ్మగారి చేత నోటరీ ముందు అఫిడవిట్ రాయించి, జనన పత్రానికి జతచేయండి. అమ్మగారి పదో తరగతి మెమో ఉంటే అది కూడా పట్టుకెళ్లండి, పాత ఇంటిపేరు అందులో ఉంటుంది.