సీటీసీ నెలకు ముప్పై వేలు, చేతికి వచ్చింది 20,400: తేడా ఎక్కడ?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో, క్వాలిటీ విభాగంలో చేరి నాకు సరిగ్గా నెల పూర్తయింది. ఆఫర్ లెటరులో ఏడాదికి 3,60,000 రూపాయల సీటీసీ అని ఉండడంతో నెలకు ముప్పై వేలు వస్తాయని ఇంట్లో చెప్పాను. నాన్నగారు ఆ మాట నమ్మి పాత క్యాలెండరు కాగితం వెనుక నా గది అద్దె, ఎరువుల కొట్టు బాకీ, నెలకు పది వేల చీటీ అని వరుసగా రాసుకున్నారు. తీరా బ్యాంకులో పడింది 20,400. ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటోంది.

ఆఫర్ లెటరులో బేసిక్ 15,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 6,000, స్పెషల్ అలవెన్సు 4,000, యజమాని పీఎఫ్ (భవిష్య నిధి) వాటా 1,800, గ్రాట్యుటీ 721, గ్రూపు ఇన్సూరెన్సు 479, ఏడాది చివర ఇచ్చే ఇన్సెంటివ్ కింద నెలకు 2,000 చూపించారు. పే స్లిప్పులో కోతలు ఇవి: పీఎఫ్ 3,600, వృత్తి పన్ను 200, బస్సుకూ క్యాంటీనుకూ కలిపి 800. ఈ లెక్క సరైనదేనా? వచ్చే నెల నుంచి ఆదాయపు పన్ను కూడా కోస్తారా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (ఒంగోలు నుంచి)

తమ్ముడూ, నేను పన్నెండేళ్లుగా జీతాల లెక్కలు చూస్తున్నాను. మీ పే స్లిప్పులో ఒక తప్పు ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

సీటీసీ అంటే మీ కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చే కానీ మీ జీతం కాదు. అందులో నెల నెలా మీ చేతికి రానివి ముందు తీసేయాలి. యజమాని పీఎఫ్ వాటా 1,800 మీ పీఎఫ్, పెన్షన్ ఖాతాలకు పోతుంది. గ్రాట్యుటీ 721 అనేది బేసిక్‌లో సుమారు 4.81 శాతం, అది సాధారణంగా ఐదేళ్ల సర్వీసు నిండిన తర్వాత ఉద్యోగం వదిలినప్పుడు వచ్చే సొమ్ము. ఇన్సూరెన్సు 479, ఇన్సెంటివ్ 2,000 కూడా తీసేస్తే మొత్తం 5,000 పోయి 25,000 మిగులుతుంది. బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్సు కూడినా వచ్చేది అంతే, కాబట్టి ఇదే మీ గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం. కోతల లెక్క ఎప్పుడైనా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పీఎఫ్‌కు మీ వాటా బేసిక్‌లో 12 శాతం, అంటే 1,800. మన రాష్ట్రంలో జీతం 20,000 దాటితే వృత్తి పన్ను నెలకు 200. గ్రాస్ 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోత లేదు. బస్సు, క్యాంటీన్ 800 తీసేస్తే మీకు రావలసింది 22,200. మీకు వచ్చింది 20,400. తేడా సరిగ్గా 1,800, అంటే యజమాని వాటా అంత.

సీటీసీ నుంచి గ్రాస్‌కు దిగేటప్పుడే ఆ వాటాను ఒకసారి తీసేశారు. మళ్లీ స్లిప్పులో మీ వాటాతో కలిపి 3,600 అని కోశారు. యజమాని తన వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయరాదని పీఎఫ్ నిబంధనల్లోనే ఉంది. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు)తో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి: ఆ నెలకు మీ వాటా 1,800, యజమాని వాటా 550, పెన్షన్‌కు 1,250 కనిపించాలి. అవి సరిగానే జమ అయి ఉండవచ్చు, కానీ రెండు వాటాలూ మీ జేబులోంచే పోయాయి. ఆఫర్ లెటరు, స్లిప్పు జతచేసి హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే చూద్దాంలే అంటారు.

పన్ను గురించి దిగులు పడకండి. ఇన్సెంటివ్ కలిపినా ఏడాదికి మీకు 3,24,000 వస్తుంది. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతం మీద ఇచ్చే మినహాయింపు) పోయాక మిగిలేది 4 లక్షల లోపే కాబట్టి పన్ను సున్నా.

జవాబు (చీమకుర్తి నుంచి)

పై జవాబు సరిగ్గా ఉంది. మా గ్రానైట్ ఫ్యాక్టరీలో 21,000 లోపు జీతాల వారే ఎక్కువ కాబట్టి ఈఎస్ఐ గురించి ఒక మాట చేరుస్తాను. గ్రాస్ 18,000, బేసిక్ 12,000 అయితే పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 0.75 శాతం చొప్పున 135, వృత్తి పన్ను 150 పోయి చేతికి 16,275 వస్తుంది. మధ్యలో జీతం పెరిగి 21,000 దాటినా ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అనే ఆరు నెలల గడువు ముగిసేదాకా ఈఎస్ఐ కోత ఆగదు. ఆ కోత వృథా అనుకోవద్దు, ఇంట్లోవాళ్లకు కూడా దానితోనే వైద్యం అందుతుంది.

జవాబు (నెల్లూరు, ప్రస్తుతం బెంగళూరు)

పెద్ద జీతాల వారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. 2025-26 రేట్ల ప్రకారం కొత్త విధానంలో 12,75,000 దాకా జీతం మీద పన్ను లేదు. అలాగని 15 లక్షలు వచ్చేవారు 12 లక్షల పైన ఉన్నదానికే పన్ను కడితే చాలనుకోకూడదు, వారికి లెక్క 4 లక్షల పైనుంచే మొదలవుతుంది. డిడక్షన్ పోయాక మిగిలే 14,25,000లో 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతంతో 20,000, 12 లక్షల దాకా 10 శాతంతో 40,000, మిగిలిన దానికి 15 శాతంతో 33,750 అవుతుంది. ఆ పన్ను మీద 4 శాతం సెస్సు (అదనపు పన్ను) కలిపితే 97,500, అంటే నెలకు 8,125. ఈ లెక్కను కూడా సీటీసీ మీద వేయకూడదు. అందులోంచి యజమాని పీఎఫ్, గ్రాట్యుటీ తీసేశాకే మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు (కావలి)

అన్నా, మీరు చెప్పినట్లే పాస్‌బుక్ చూశాను. 1,800, 550, 1,250 మూడూ ఉన్నాయి. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడితే పొరపాటు జరిగిందని ఒప్పుకుని, కోసిన 1,800 వచ్చే నెల జీతంలో కలిపి ఇస్తామని రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఇంటికి ఫోన్ చేసి నెలకు 22,200 అని చెప్పాను. నాన్నగారు ఆ కాగితం మీద ముప్పై వేలు కొట్టేసి, పది వేల చీటీ బదులు ఐదు వేల చీటీలో చేరదామన్నారు.