ఇద్దరూ వరులే అయినప్పుడు మధుపర్కాలు ఎవరు పెట్టాలి?

భీమిలి తీరం:
సభ్యులందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా విశాఖ మధురవాడలో ఒకే ఇంట్లో ఉంటున్న నేనూ, నా సహచరుడూ ఈ కార్తిక మాసంలో భీమిలిలోని మా పెద్దమ్మ గారి పెరట్లో, నలభై మంది ఆత్మీయుల నడుమ పెళ్ళి చేసుకోవాలని నిశ్చయించుకున్నాం. ఇద్దరం మగవాళ్ళమే. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మా బంధం నేరం కాదని తేల్చిందనీ, 2023 అక్టోబరు 17న మాత్రం ఇటువంటి పెళ్ళికి చట్టబద్ధత కల్పించడం చట్టసభల పని అని చెప్పిందనీ మాకు తెలుసు కాబట్టి, రిజిస్ట్రారు కార్యాలయం ప్రస్తావన ఇక్కడ తేవద్దని మనవి. నా ప్రశ్న బట్టల గురించి. ఇద్దరం ఎర్రంచు తెల్ల మధుపర్కాలు కట్టుకుని, నుదుట బాసికాలతో కూర్చోవాలని నా కోరిక. తాను షేర్వాణీ వేసుకుంటాననీ, ఇద్దరం పంచెలు కడితే ఒకరు పెళ్ళికొడుకుగా, మరొకరు తోడిపెళ్ళికొడుకుగా కనిపిస్తామనీ అతని వాదన. మీరేమంటారు?

ఎం.వి.పి. కాలనీ వాసి:
కార్తికం మొదట్లో మన ఊళ్ళో చలి కాదు, చెమట ఉంటుంది. షేర్వాణీ వేసుకున్నవాడికి హోమం ముందు కూర్చున్నాక జ్ఞానోదయం అవుతుంది.

సింహాచలం మెట్లు:
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడిగా ఒక మాట చెప్పవలసి ఉంది. మధుపర్కం అంటే మొదట బట్ట కాదు. తేనె, పెరుగు, నెయ్యి కలిపి, ఇంటికి వచ్చిన వరుడికి కన్యాదాత అందించే పదార్థం. ఆ సందర్భంలో పెట్టే వస్త్రాలకు ఆ పేరు తరువాత స్థిరపడింది. అంటే మధుపర్కాలు కొనుక్కుని కట్టుకునేవి కావు, కాళ్ళు కడిగిన చేతులతో ఒకరు పెట్టవలసినవి. ఇద్దరూ వరులే అయినప్పుడు ఎవరి కాళ్ళు ఎవరు కడుగుతారు, ఎవరు పెడతారు? ఇది తేలకుండా అంచు రంగు గురించి మాట్లాడుకోవడం వృథా.

పాతనగరం:
వధువే లేనప్పుడు అది పెళ్ళి ఎలా అవుతుంది? బట్టల చర్చ ఎందుకు?

పొందూరు పంచె:
పాతనగరం గారూ, ఆయన అడగని ప్రశ్నకు మీరు జవాబిస్తున్నారు. ఇక బట్టల మాట. మన పెళ్ళి అలంకరణలో వధూవరులిద్దరికీ ఉమ్మడిగా ఉండేవి ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి: మధుపర్కాలు, బాసికం, కంకణం, కల్యాణ తిలకం, బుగ్గచుక్క, కాళ్ళకు పారాణి. తాళి మాత్రం ఒకరి మెడలోనే పడుతుంది. ఇద్దరినీ ఒక్కలా ముస్తాబు చేయడం మన పద్ధతికి కొత్త కానప్పుడు ఈ బాబు కోరిక వింతేమీ కాదు. మా ఊళ్ళో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్ననూలు తీసేవారున్నారు; ఆ నూలు పంచె ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. జత నేయించాలంటే మాత్రం ముందుగా చెప్పాలి.

సీతమ్మధార చెట్టు:
తమ్ముడూ, పంచెల సంగతి తరువాత చూడవచ్చు గాని పెరట్లో పెళ్ళి మాత్రం వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, అదే వారంలో పెట్టుకున్న మా పెళ్ళికి వేసిన పందిరిలో ఒక్క వాసం మిగలలేదు. మూడు బస్తాల బియ్యం నానిపోయాయి. పందిరి వాడు నేటికీ బయానా తిరిగి ఇవ్వలేదు. ఈ ఊళ్ళో అక్టోబరు, నవంబరుల్లో ముహూర్తం పెట్టుకునేవారు కల్యాణ మండపమే తీసుకోవాలి.

సింహాచలం మెట్లు:
నా ప్రశ్నను అందరూ దాటవేస్తున్నారు. ఇది పాండిత్య ప్రదర్శన అనుకుంటే పొరపాటు. మా అమ్మాయి పెళ్ళికి నేనే పొందూరు వెళ్ళి మధుపర్కాలు తెచ్చాను. కాళ్ళు కడిగి చేతిలో పెట్టబోతే, నూలు బట్టలేమిటి, పట్టు పెట్టలేకపోయారా అని వియ్యంకుల వైపు ఒక పెద్దమనిషి పదిమందిలో అన్నాడు. అల్లుడు తల వంచుకుని కూర్చున్నాడే తప్ప నోరు విప్పలేదు. పెట్టే చేయి ఎవరిదో, ఆ చేతికి దక్కే మర్యాద ఏమిటో నాకు అనుభవమే. బాబూ, మీకు ఎవరు పెడతారో చెప్పండి.

భీమిలి తీరం:
మాస్టారూ, మా నాన్నగారు లేరు. మా పెద్దమ్మే మా ఇద్దరి కాళ్ళూ కడిగి పెడతానంది. మీ అనుభవానికి చింతిస్తున్నాను గాని, ఆ పెద్దమనిషి చేసిన తప్పుకు నా పెళ్ళిలో పరిహారం వెతకవద్దని కోరుతున్నాను.

సింహాచలం మెట్లు:
పెద్దమ్మగారు మీ వైపు మనిషి. రెండో అబ్బాయికి కూడా మీ వారే పెడితే అతను ఆ పీటల మీద వరుడా, అతిథా?

సీతమ్మధార చెట్టు:
మండపం విషయం తేల్చలేదు.

భీమిలి తీరం:
తేల్చమంటున్నారు కనుక చెబుతాను. బీచ్ రోడ్డు వైపు రెండు మండపాలకు వెళ్ళాం. మొదటిచోట తేదీ ఖాళీగా ఉందన్నారు, భోజనాల ధర మాట్లాడారు, ముఖద్వారం దగ్గర బోర్డు మీద రాయడానికి పేర్లు అడిగారు. 'చి.' పక్కన నా పేరు రాసుకుని, 'చి.ల.సౌ.' పక్కన ఎవరి పేరని అడిగారు. చెప్పాం. ఆ తేదీకి అప్పుడే మరొకరు బయానా ఇచ్చారని గుర్తుకు వచ్చిందన్నారు. రెండోచోటికి వెళ్ళినప్పుడు నేను స్నేహితుడి పెళ్ళి అని అబద్ధమాడి, గుమ్మం దిగేసరికి నా మీద నాకే అసహ్యం వేసి ఊరుకున్నాను. తుపాను వస్తే పందిరి పోతుంది, అంతే కదా! పోనివ్వండి. మీ మూడు బస్తాల బియ్యం కథ ఇంకోసారి చెప్పకండి.

పాతనగరం:
అందుకే నేను మొదటే చెప్పాను.

ఎం.వి.పి. కాలనీ వాసి:
మీరు చెప్పింది అది కాదు.

సింహాచలం మెట్లు:
అయితే ఈ నలభై మంది లెక్క ముచ్చట పడి పెట్టుకున్నది కాదన్నమాట. బాబూ, కోపగించుకోకండి. మీకు ప్రభుత్వం కాగితం ఇవ్వదు. కాగితం లేని పెళ్ళికి చూసినవాళ్ళే సాక్ష్యం కనుక మీరు నలభై మందిని కాదు, నాలుగు వందల మందిని పిలవాలి. గుట్టుగా చేసుకుంటే ఎంత మంచి పంచె కట్టినా రేపు ఆసుపత్రిలో మీరెవరని అడిగితే చూపడానికి ఏమీ ఉండదు.

పొందూరు పంచె:
నాలుగు వందల మంది వచ్చినా ఆసుపత్రి వాళ్ళు సంతకం చేయనివ్వరు మాస్టారూ. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చనీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చనీ 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ముందు ఆ పని చేసుకోమనండి.

షేర్వాణీ పక్షం:
రెండో అబ్బాయిని నేనే. నాలుగు రోజులుగా చదువుతున్నాను. నా గురించి ఇంతమంది మాట్లాడుతుంటే మౌనంగా ఉండడం మర్యాద కాదనిపించింది. చలి, చెమట, తోడిపెళ్ళికొడుకు, ఇవేవీ కారణాలు కావు. మా అమ్మ విజయనగరంలో ఉంటుంది. ఆమెకు ఈ పెళ్ళి సంగతి తెలియదు. రేపు ఏ బంధువు ఫోనులోనో ఫోటో కనబడినా, షేర్వాణీలో ఉంటే స్నేహితుడి పెళ్ళికి వెళ్ళానని చెప్పుకోవచ్చు. బాసికం కట్టుకున్నవాడు ఏమని చెప్పుకుంటాడు?

భీమిలి తీరం:
ఈ మాట ఇంట్లో నాతో ఒక్కసారీ అనలేదు.

షేర్వాణీ పక్షం:
నువ్వు ఎప్పుడూ అంచు వెడల్పు గురించే అడిగావు.

సింహాచలం మెట్లు:
నాయనా, పెట్టేవారు ఎవరని నేను పదేపదే అడిగింది ఇందుకని నాకే ఇప్పుడు అర్థమవుతోంది. అమ్మగారికి చెప్పండి. రాకపోతే రాకపోవచ్చు. చెప్పకుండా పీటల మీద కూర్చోవడం కంటే అది నయం.

ఎం.వి.పి. కాలనీ వాసి:
మాస్టారూ, చెప్పమనడం మీకు సులువు. వెళ్ళి గుమ్మంలో నిలబడవలసింది అతను. షేర్వాణీయే వేసుకోనివ్వండి.

షేర్వాణీ పక్షం:
దీపావళికి విజయనగరం వెళ్తున్నాను. చెబుతానని మాట ఇవ్వలేను, ప్రయత్నిస్తాను. అంతవరకు పంచెల సంగతి ఆపండి.

పొందూరు పంచె:
బాబూ, దీపావళి మర్నాడే కార్తికం మొదలవుతుంది. అప్పుడు చెబితే రెండు జతలు మగ్గం మీదికి ఎక్కి, దిగి, మీకు చేరేసరికి మార్గశిరం వస్తుంది.

భీమిలి తీరం:
రెండు జతలకూ ఈ ఉదయమే బయానా పంపాను. అతను కట్టుకోకపోతే బీరువాలో ఉంటుంది.

షేర్వాణీ పక్షం:
ఆ సంగతి కూడా నాకు ఇక్కడ చదివితేనే తెలిసింది.