ఒంటరిగా హంపి: బస ఎక్కడ మేలు?

ప్రశ్న: గుంటూరు నుంచి ఒక్కదాన్నే వెళ్తున్నా, రెండు రోజులు. హోస్పేటలో ఉండాలా, హంపిలోనా?

జవాబు: అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా హోస్పేట వెళ్తుందండి. అక్కణ్ణుంచి హంపి 13 కిలోమీటర్లు, బస్సులున్నాయి. బస హోస్పేటలోనో, హంపి పక్కనే ఉన్న కమలాపురంలోనో చూసుకోండి. తుంగభద్ర ఏటి అవతల ఆనెగొంది ఊరి వైపు బస దిగితే, సాయంత్రం పడవ ఆగాక వంతెన మీదుగా చుట్టు తిరగాలి. అప్పుడిక ఆటోవాడు చెప్పిందే రేటు.

జవాబు: విఠల ఆలయం టికెట్ పారేయకండి. అదే రోజు లోటస్ మహల్‌కీ, కమలాపురం మ్యూజియానికీ చెల్లుతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. విఠల గుడికి చివరి కిలోమీటరు బండ్లు రానివ్వరు; బ్యాటరీ బండి లేదా నడక. పొద్దున్నే అయితే నడకే హాయి. ఎండెక్కితే రాతి నేల పెనమే, విరూపాక్షుడి గుళ్లో చెప్పులుండవు కాబట్టి మందం సాక్సులు పెట్టుకోండి.

జవాబు: మాతంగ కొండ మాత్రం చీకట్లో ఒక్కరే ఎక్కొద్దు.