ఈ వారం సమస్య: కోటి కన్న పదియె గొప్పదయ్యె

నల్లగొండ (నిర్వాహకుడు): ఇది ఆటవెలది చివరి పాదం. కో–గొ యతి కుదిరే ఉంది, మిగతా మూడు పాదాలు మీవి. సంఖ్యల మీదనే రాయండి. దశావతారాలు, పది తలల రావణుడు మాత్రం వద్దు. అవి పదిమందీ రాసేస్తారు.

జడ్చర్ల టీచర్: బోణీ నాదే.

మనుమడచట నుండి మాటాడె ఫోనులో
పది మిలియనులనుచు పలుకుచుండె
నిచటి లక్షకన్న నెంతయో గొప్పగా
కోటి కన్న పదియె గొప్పదయ్యె

నల్లగొండ: యతులన్నీ బాగున్నాయి మేడం. మూడో పాదంలో ఇ–ఎ కూడా చెల్లుతుంది. చిక్కంతా లెక్కలోనే. మిలియన్ అంటే పది లక్షలు. అవి పది కలిస్తే నూరు లక్షలు, అంటే కోటి. మీ మనుమడు చెప్పిందీ మీరు అనుకున్నదీ ఒకటే మొత్తం. ఇక గొప్పదనం ఎక్కడుంది?

జడ్చర్ల టీచర్: అయ్యో రామ! నేను చెప్పింది లెక్కల సబ్జెక్టే సార్, ఎవరికీ చెప్పకండి. మూడో పాదం మారుస్తున్నా: "రూకలివియె, యచట రొక్కమ్ము డాలర్లు".

నల్లగొండ: ఇప్పుడు గెలిచింది పది కాదు, డాలరు. అయినా పాసే.

హాలియా: అన్నా, మాది నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద పొలం. నాకు తోచింది ఇదీ.

సాగరమున నీరు సరితూచి చూడగా
కోటి యడుగులన్న కొంచెమగును
పదియె చాలు పైరు పండ టీయెంసిలు
కోటి కన్న పదియె గొప్పదయ్యె

నల్లగొండ: భేష్ తమ్మీ! మన జిల్లా వాసన కొట్టింది. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, మన లెక్కలో వంద కోట్లు. కోటి అడుగులంటే అందులో నూరో వంతే. సాగర్ నిండితే 312 టీఎంసీలు, అంటే 31,200 కోట్ల ఘనపుటడుగులు.

జడ్చర్ల టీచర్: వెయ్యి మిలియన్ అని చుట్టూ తిప్పడమెందుకు సార్, బిలియన్ అంటే పోలేదా?

నల్లగొండ: పాత బ్రిటిష్ ఇంగ్లీషులో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, అంటే లక్ష కోట్లు. అమెరికాలో వంద కోట్లే. బ్రిటన్ ప్రభుత్వం 1974లో అమెరికా లెక్కకు మారింది. అంతకుముందు వాళ్లు వంద కోట్లను వెయ్యి మిలియన్లనే అనేవారు. ఆ పలుకుబడే మన కాల్వల్లో ఇంకా పారుతోంది.

ఇక ఛందస్సు. టీఎంసీలో మూడూ గురువులే, మగణం. ఆటవెలదిలో దానికి చోటు లేదు. మనవాడు "సీ"ని కురచ చేసి, "పండటీ" రగణం, "యెంసిలు" భగణంగా విరిచాడు. తెలివైన పనే గాని, చదివేటప్పుడు నాలిక మడత పడుతోంది. అడుగులంటే పొడవు అనుకునే ప్రమాదమూ ఉంది.

గద్వాల: భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతిలో కోటి తర్వాత పదింతలు అర్బుదం, దానికి పదింతలు అబ్జం. అబ్జమంటే సరిగ్గా వంద కోట్లు. అంటే మీ టీఎంసీ ఒక అబ్జం ఘనపుటడుగులన్నమాట. "పదియె చాలు పైరు పండగ నబ్జాలు" అంటే గణాలు నున్నగా నడుస్తాయి. లీలావతి అక్కడితో ఆగదు, ఒకటి పక్కన 17 సున్నాలుండే పరార్ధం దాకా పేర్లు చెబుతుంది. లెక్కలు పద్యంలో ఏమిటని నవ్వే పిల్లలకు పావులూరి మల్లన పేరు చెప్పండి. 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

నల్లగొండ: సవరణ బాగుంది. కానీ ఆయకట్టులో అబ్జం అంటే ఎవరికి తెలుస్తుంది? నా ఓటు టీయెంసికే.

వనపర్తి: కొంచెం ఆలస్యమైంది, క్షమించాలి.

పదిని పదిని పెంచ వందయై వేయియై
లక్షయయ్యె పిదప లక్షణముగ
తల్లి పదియె కాగ తనయ యీ కోటియే
కోటి కన్న పదియె గొప్పదయ్యె

గద్వాల: అమ్మా, మూడో పాదానికి నమస్కారం! సమస్య అక్కడే విడిపోయింది. రెండో పాదంలో "లక్షణముగ" మాత్రం యతి కోసం వచ్చి కూర్చున్న చుట్టం.

వనపర్తి: దొరికిపోయాను సార్. ఒక సందేహం. జపాన్‌లో పదివేలకు మాన్ అని పేరు, అక్కడి నుంచి పదివేల రెట్లకొక కొత్త పేరు. వాళ్లకు కోటి అంటే వెయ్యి మాన్లు, విడిగా పేరే లేదు. అక్కడ నా తల్లీకూతుళ్ల పోలిక నిలుస్తుందా?

గద్వాల: మాన్ కూడా పది సంతానమే కదమ్మా. కూతురి పేరు మారుతుంది, తల్లి మారదు.

నల్లగొండ: ఈ వారం మొదటి స్థానం వనపర్తిది. హాలియా తమ్ముడూ, రెండో స్థానం నీదే. "పండ టీయెంసిలు" ఉంచుతావా, అబ్జాలకు మారుస్తావా?

హాలియా: రెండూ మా నాన్నకు చదివి వినిపించినా అన్నా. "అబ్జమో గిబ్జమో, తూము ఎప్పుడు తెరుస్తరట?" అన్నడు.