థెరపీ డాగ్‌ని ఎప్పుడు మాన్పించాలి?

డాలస్‌లో ఉంటాం. మా లాబ్రడార్ థెరపీ డాగ్, అంటే పెద్దవాళ్లకి, రోగులకి ఊరటగా ఉండేందుకు తీసుకెళ్లే కుక్క. చాలా ఏళ్లుగా నాతో పాటు ఒక వృద్ధాశ్రమానికి వస్తోంది. ఈ మధ్య కారెక్కడానికి వెనకాడుతోంది, అక్కడ నున్నటి ఫ్లోర్ మీద వెనక కాళ్లు జారుతున్నాయి. అయినా అక్కడికెళ్లేటప్పుడు దానికి తొడిగే వెస్ట్ (చేతుల్లేని కోటు) బయటికి తీస్తే చాలు, తోకాడిస్తూ వచ్చేస్తుంది. మాన్పిస్తే బెంగ పెట్టుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. మీరెవరైనా మాన్పించారా?

జవాబు: ముందు వెట్‌కి చూపించండి, కీళ్లనొప్పులేమో. తోకొక్కటే చూసి నిర్ణయించకండి. ఎవరైనా నిమురుతుంటే మొహం తిప్పుకోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం, ఇవన్నీ ఇబ్బందికి గుర్తులే. మా గోల్డెన్ రిట్రీవర్ మంచం పక్కన కూర్చోవడం మానేసి తలుపు దగ్గరికెళ్లి నిలబడేది, అప్పుడే ఆపేశాం.

జవాబు: థెరపీ డాగ్ మొదట్నుంచీ మీ ఇంటి కుక్కే కదండీ, రిటైరైనా ఇల్లు మారదు, అది పెద్ద అదృష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల వార్డుల్లో తిరిగిన స్మోకీ అనే చిన్న యార్క్‌షైర్ టెరియర్ కూడా 1957లో పోయేదాకా క్లీవ్‌లాండ్‌లో దాన్ని పెంచుకున్న సైనికుడు బిల్ విన్ ఇంట్లోనే ఉంది. ఒక్కసారిగా ఆపకుండా టైమ్ తగ్గిస్తూ రండి. వెళ్లే రోజున అదే వేళకి పార్కుకి తీసుకెళ్లండి, దానికి కావాల్సింది మీతో బయటికి రావడమే.

థాంక్సండీ. ఆవలింతలు నేనూ చూశాను, అలసటేమో అనుకున్నా. వెట్ అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నా, అప్పటిదాకా ఆశ్రమానికి తీసుకెళ్లను.