“మొనసి”యా, “మునిఁగి”యా? అమ్మ నోటుపుస్తకంలో చెరిగిన రెండక్షరాలు

ప్రశ్న: నూజివీడు నుంచి

మా అమ్మగారు ఏటా మే నెలాఖరులో మామిడిపండ్లతో జామూ, సిరప్పూ చేసి సీసాలకెత్తేవారు. ఆ కొలతలు రాసుకున్న నోటుపుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. మామిడి పేజీకి పైన ఆవిడ పోతన భాగవతంలోని ఆటవెలది ఒకటి రాసుకున్నారు. రెండో పాదం మీద ఎప్పుడో పాకం చుక్క పడి, కాగితం గోధుమరంగుకు తిరిగి, అక్షరాలు చెరిగిపోయాయి. మిగిలినది ఇది:

వేదకల్పవృక్షవిగళితమై శుక
ముఖసుధాద్రవమున మ... యున్న
భాగవతపురాణఫలరసాస్వాదన
పదవిఁ గనుఁడు రసికభావవిదులు

ఆవిడ గరిటె తిప్పుతూ ఈ పద్యం చదువుతుంటే “మునిఁగియున్న” అని విన్నట్టే నాకు గుర్తు. మావారు మాత్రం అది “మొనసియున్న” అంటున్నారు. పండు అమృతద్రవంలో మునిగి ఉన్నదనడం నాకు ఎంతో సహజంగా తోస్తున్నది. పెద్దలు తేల్చి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

తెనాలి నుంచి

అమ్మా, మీ వారి మాటే సరి. నేను బడిలో చెప్పిన పాఠమూ, మా నాన్నగారు వల్లె వేయించిన పాఠమూ “మొనసియున్న” అనే. సంస్కృత మూలం “శుకముఖాదమృతద్రవసంయుతం” అని ఉన్నది కదా. సంయుతం అంటే కూడినది, కలిసినది. ఆ మాటకు పోతన పెట్టిన తెలుగు “మొనసి”. మునగడమనే అర్థం మూలంలో ఎక్కడా లేదు.

హనుమకొండ నుంచి

మాస్టారూ, పాఠం విషయంలో మీతో ఏకీభవిస్తాను గాని, మూలంలో లేదు కాబట్టి పోతనలో ఉండదనే తర్కాన్ని మాత్రం ఒప్పుకోలేను. మూలంలో లేనివి ఎన్ని ఆయన చేతిలో పద్యాలై పూచాయో మీకు నేను చెప్పాలా? పోతనగారి బమ్మెర మాకు పొరుగూరు లాంటిది, ఆ మాత్రం చొరవ తీసుకుంటున్నాను.

అసలు చిక్కు ఏమిటంటే, ఛందస్సు ఈ తగవు తీర్చదు. “మొనసి” మూడు లఘువులు, “మునిఁగి” కూడా మూడు లఘువులే. యతికి పాదాది “ము”తో “మొ” చెల్లుతుంది, “ము” అయితే మరీ చక్కగా చెల్లుతుంది. ఇక మిగిలేది వ్యాకరణం. “సుధాద్రవమున” అన్నప్పుడు చివరి “న”ను ఎలా తీసుకోవాలన్నదే ప్రశ్న. “బాణమునఁ గొట్టె” అన్నట్టు “తో” అని తీసుకుంటే “మొనసి” కుదురుతుంది. “కొలనునఁ దేలె” అన్నట్టు “లో” అని తీసుకుంటే “మునిఁగి” కుదురుతుంది. నూజివీడు అమ్మగారి చెవి “లో” అని విన్నది. అది పామరపు వినికిడి కాదు.

రాజమహేంద్రవరం నుంచి

ఇంతమంది “మొనసి”ని “కూడి” అని సరిపెట్టేస్తున్నారు, అందులోని “మొన”ను ఎవరూ చూడడం లేదు. మొన అంటే కొస. చిలుక పండును తాకేది ముక్కు మొనతోనే. చిలుక కొట్టిన పండు తీపి అని మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. శుకుడనే ముని, శుకమనే చిలుక, ఈ రెండూ ఒక్క మాటలో ఉన్నచోట, ముక్కు మొనను స్ఫురింపజేయడానికే కవి “మొనసి” అని ఏరుకున్నాడని ముప్పై ఏళ్లుగా నా నమ్మకం. “మునిఁగి” అని మార్చిన క్షణాన ఆ చిలుక ఎగిరిపోతుంది.

తెనాలి నుంచి

అయ్యా, మీ ఊహ అందంగా ఉన్నది, కాని దానికి పునాది చాలదు. మొన అంటే సేన ముందుభాగం కూడా. మొనగాడు అనే మాట మనం రోజూ వాడుతున్నాము. పూనుకోవడం, తలపడడం అనే అర్థాల్లో మొనయడం కావ్యాల్లో విరివిగా కనబడుతుంది. అక్కడ ఎక్కడా చిలుక లేదు. శ్లేషకు “శుక” ఒక్కటే చాలినప్పుడు రెండో శ్లేషను తవ్వి తీయడం పోతన సౌలభ్యానికి విరుద్ధం.

గుంటూరు నుంచి

నేను పండితురాలిని కాను. పన్నెండేళ్లుగా ఇంట్లోనే ఉసిరి, నేరేడు, మామిడి, జామ పండ్లతో నిల్వ సరుకు చేసి అమ్ముకుంటున్నాను. నా పనిలో “మునగడం” వేరు, “కూడడం” వేరు. ఉసిరికాయను తీగపాకంలో వేసి రోజుల తరబడి ఉంచితే అది మురబ్బా. కాయ కాయగానే ఉంటుంది, పాకం పాకంగానే ఉంటుంది, కాయ అందులో మునిగి ఉంటుంది. జామ్ అలా కాదు. గుజ్జూ పంచదారా కలిసి ఉడికి, చల్లటి పళ్లెం మీద చుక్క వేసి వేలితో గీత గీస్తే, ఆ గీత రెండు పక్కలా కలవకుండా నిలవాలి. అప్పటికి వేడి 105 డిగ్రీల దగ్గర ఉంటుంది, తీపి నూటికి 65 పాళ్లు దాటి ఉంటుంది. ఇక అందులో పండు ఇది, పాకం ఇది అని విడదీయలేము. సంయుతం అంటే నాకు అర్థమయ్యేది అదే. మాస్టారు చెప్పిన “మొనసి”యే నా చేతికి సరి అనిపిస్తున్నది.

ఇంకొక మాట. మీరంతా రెండో పాదం దగ్గరే ఆగారు గాని మొదటి పాదంలోని “విగళితమై” నన్ను ఆపింది. చెట్టునే మాగి తనంతట రాలిన పండు జామ్‌కు పనికిరాదు. గట్టిపడనిచ్చే పెక్టిన్ దోరపండులోనే నిండుగా ఉంటుంది, బాగా మాగేసరికి విరిగిపోతుంది. రాలిన పండును ఎంత ఉడికించినా, నిమ్మరసం పిండినా, అది జారుతూనే ఉంటుంది. వడకట్టి సిరప్పు పట్టుకోవడమే దారి. ఆ తరువాత వచ్చే మాట “ద్రవము”. కవి ఈ వరుసను తెలిసే వేశాడని నేను అనలేను, కాని పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి అది తప్పు లేకుండా కనబడుతున్నది.

డాలస్ నుంచి

గుంటూరు అక్కగారి జాబు చదివాక మూలంలోని “పిబత” గుర్తుకు వచ్చింది. పండును తినమనకుండా “తాగండి” అనడమేమిటని శ్రీధరస్వామి భాగవతానికి రాసిన వ్యాఖ్యలో తానే ప్రశ్న వేసుకున్నారు. లోకంలో తొక్కా టెంకా విడిచిపెట్టి రసం తాగుతారు గదా, పండునే ఎలా తాగడం అని అడిగి, ఈ పండు రసరూపమే, విడిచిపెట్టవలసిన భాగం ఇందులో లేదు కాబట్టి మొత్తం తాగమన్నారని సమాధానం చెప్పారు. చిన్నరసం మామిడిపండును రెండు అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక దగ్గర కొరికి, చేదు సొన కారనిచ్చి, నోటపెట్టి పీల్చిన కృష్ణాజిల్లా పిల్లవాడికి ఈ ప్రశ్నే పుట్టదు. ఇక్కడ మా పిల్లలకు నేను చూపించగలిగేది చిత్తూరు నుంచి డబ్బాల్లో వచ్చే తోతాపురి గుజ్జు మాత్రమే. దానితో జామ్ బాగానే కుదురుతుంది గాని, “పిబత”కు అర్థం చెప్పడానికి అది చాలదు.

అటువంటప్పుడు పోతన తాగడాన్ని వదిలి “ఆస్వాదన” అని ఎందుకన్నట్టు? నాకు “మొనసి” కంటే అదే పెద్ద ప్రశ్న.

హనుమకొండ నుంచి

ఎందుకంటే ఆయన పిలిచింది “రసికభావవిదుల”ను. తాగేవాడికి దాహం తీరితే చాలు, ఆస్వాదించేవాడు నాలుక మీద నిలుపుకుంటాడు. ఇక్కడ మా ఓరుగల్లు ఆలంకారికుడు విద్యానాథుణ్ణి తలచుకోకుండా ఉండలేను. ప్రతాపరుద్రుని ఆస్థానంలో కూర్చుని కవిత్వపు పాకానికి ఆయన చెప్పిన లక్షణం “ద్రాక్షాపాకః స కథితో బహిరంతఃస్ఫురద్రసః” అని. లోపలా బయటా రసం తొణికిసలాడేది ద్రాక్షాపాకం. రసం లోపల దాగి ఉండేది నారికేళపాకం. పోతన ద్రాక్షాపాకానికి పరమావధి. ఈ పద్యంలో బయట శబ్దం, లోపల అర్థం ఒకేసారి నోటికి అందుతాయి. గుంటూరు అమ్మగారు పండునూ పాకాన్నీ విడదీయలేమన్నది కూడా ఇదే.

తెనాలి నుంచి

విద్యానాథుని దగ్గర మొదలుపెట్టడం ఆలస్యంగా మొదలుపెట్టడమే. అంతకు చాలా ముందే ఆలంకారికుడైన వామనుడు కావ్యపాకాన్ని మామిడితో పోల్చాడు, “చూతస్య పరిణామేన” అని. గుణాలన్నీ స్ఫుటంగా, సంపూర్ణంగా ఉండడం పాకమట. పరిణామం అన్నాడు గాని వండడం అనలేదు. మరో ఆలంకారికుడు రాజశేఖరుడు ఏకంగా తొమ్మిది పాకాలు లెక్కపెట్టాడు: వేప, రేగు, ద్రాక్ష, వంకాయ, చింత, మామిడి, పోక, దోస, కొబ్బరి. ఆయన లెక్కలో మామిడి మొదట మధ్యమం, చివర తీపి. ద్రాక్ష మొదట రుచించదు, చివరికి తీపి. కొబ్బరి ఆదినుంచి చివరిదాకా తీపే. అంటే మీరు పోతనకిచ్చిన ద్రాక్షకిరీటం, రాజశేఖరుని తూకంలో కొబ్బరికి పోతుంది.

కాబట్టి కవిత్వంలో పాకమంటే పొయ్యి మీది పాకం కాదు, చెట్టు మీది పాకం. “పచ్” ధాతువుకు వండడమూ, పండడమూ రెండూ అర్థాలే. మనవాళ్లు వంటింటి పాకం అలవాటుతో ద్రాక్షాపాకమంటే ద్రాక్షలతో పట్టిన సిరప్పు అనుకుంటారు.

గుంటూరు నుంచి

మాస్టారూ, ఆ రెంటినీ అంత దూరం పెట్టకండి. తాండ్ర చేసేవారిని చూశారా? చాప మీద రసం పొర పోసి, ఎండిన పొర మీద మళ్లీ పొర పోసి, రోజుల తరబడి ఎండకు వదులుతారు. అక్కడ పొయ్యి లేదు, ఎండే ఉన్నది. చెట్టు మీద పండును పండించిన ఎండే చాప మీద రసాన్ని పాకానికి తెస్తున్నది. అది వండడమా, పండడమా? మా ఇంట్లో రెంటికీ “పాకానికొచ్చింది” అనే అంటాము.

రాజమహేంద్రవరం నుంచి

అవతలి ఒడ్డున ఆత్రేయపురంలో మా మేనత్తగారు తాండ్ర చాపలకు కాపలా కూర్చోబెట్టేది నన్నే. చిలకలు వాలి పొడిచేవి. పొడిచిన చోట చిన్న గుంట పడి, అందులోకి రసం ఊరేది. “మొన” అంటే నేను ఎందుకింత పట్టుబడుతున్నానో ఇప్పటికైనా గ్రహించగలరు.

నూజివీడు నుంచి

అందరికీ నమస్కారాలు. ఈ ఉదయం ఆ పేజీని ఎండకెదురుగా పట్టుకుని చూశాను. “మ” తరువాత ఒక గీత తోక కనబడుతున్నది గాని, “మ” అక్షరానికే తోక ఉంటుంది కాబట్టి అది “ము”కు పెట్టే కొమ్మో కాదో చెప్పలేకపోతున్నాను. అయితే పద్యానికి దిగువన కొలతలు స్పష్టంగా ఉన్నాయి: కిలో పండుకు ముప్పావు కిలో పంచదార, రెండు నిమ్మకాయలు. ఆ కింద “ముక్కలు పాకంలో మునిగేదాకా” అని రాసి ఉన్నది. “మునిగి” అని నా చెవిలో పడింది పద్యం లోనుంచో, ఈ వాక్యం లోనుంచో ఇప్పుడు నాకే అనుమానంగా ఉన్నది.

గుంటూరు నుంచి

అమ్మా, ముక్కలు అని ఉన్నదా? రసాలను ముక్కలు కోయలేము, పీచూ రసమూ చేతికొచ్చేస్తాయి. ముక్కలన్నారంటే ఆవిడ వాడినది బంగినపల్లి అయి ఉండాలి. ముక్కలు మునిగేదాకా పాకం పోశారంటే అది జామూ కాదు, మురబ్బా. ఒకసారి పేజీ వెనక్కి తిప్పి, మెదపమని ఎక్కడైనా రాశారేమో చూసి చెప్పండి.